వారసులున్నా పాడుబడే ఇళ్లు

తెలుగు పల్లెల్లో ఈనాడు తాళం వేసిన ఇల్లు కనబడని వీధి అరుదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో మండువా లోగిళ్లు, రాయలసీమలో మట్టి మిద్దెలు, తెలంగాణలో గూన పెంకుటిళ్లు, దొరల గడీలు ఎన్నో కప్పు కుంగి, గోడల్లో రావి మొక్కలు మొలిచి కనబడతాయి. ఎందుకిలా అయ్యాయని అడిగితే మూడు జవాబులు వెంటనే వస్తాయి. పిల్లలు పట్నానికో అమెరికాకో వెళ్లిపోయారు, పల్లెలో బతుకుదెరువు పోయింది, పాత ఇళ్లలో ఉండే కాలం కాదిది. మూడూ నిజమే. అయితే ఇల్లు ఎందుకు ఖాళీ అయిందో చెప్పడానికే ఇవి పనికొస్తాయి. ఖాళీ అయిన ఇల్లు పాడుబడి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. దాన్ని అమ్మవచ్చు, అద్దెకివ్వవచ్చు, బడికో గ్రంథాలయానికో ఇవ్వవచ్చు, విప్పి కలప అమ్ముకుని ఆ స్థలంలో కొత్తిల్లు కట్టవచ్చు. ఇన్ని దారులుండగా ఒక్కటీ జరక్కపోవడమే శిథిలానికి దారి. కాబట్టి అడగవలసిన ప్రశ్న మనుషులు ఎందుకు వెళ్లారని కాదు, వెళ్లాక ఆ ఇంటి గురించి ఎవరూ ఏ నిర్ణయమూ ఎందుకు తీసుకోలేకపోయారని. నిర్ణయించే హక్కు, ఖర్చు భరించే చెయ్యి, ప్రయోజనం పొందే మనిషి ఈ మూడూ వేరువేరు చోట్లకు చెదిరిపోయినప్పుడే ఇల్లు పాడుబడుతుందన్నది ఈ వ్యాసం వాదన.

సమస్య చిన్నదేమీ కాదు. 2011 జనగణన లెక్కించిన దాదాపు 33 కోట్ల గృహాల్లో 2.47 కోట్లు ఖాళీగా ఉన్నాయి. పదేళ్ల ముందు, 2001లో, ఖాళీవి 1.58 కోట్లు. అమ్ముడుపోని కొత్త అపార్టుమెంట్లూ, అద్దె కోసం చూస్తున్న ఇళ్లూ ఈ సంఖ్యలో కలిసే ఉన్నాయి. అందువల్ల వీటన్నిటినీ పాడుబడ్డ ఇళ్లుగా చదవకూడదు. అయినా ఒక సంగతి మాత్రం స్పష్టం. 2011లో ఒక్క పట్టణాల్లోనే సుమారు 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉంటే, ఆ మరుసటి ఏడాది కేంద్రం నియమించిన సాంకేతిక బృందం పట్టణాల్లో ఇళ్ల కొరతను 1.88 కోట్లుగా అంచనా వేసింది. ఇల్లు లేని మనుషులూ మనుషులు లేని ఇళ్లూ ఒకే పట్టణంలో పక్కపక్కన ఉంటున్నారన్నమాట. కొరతకు మందు కొత్త కట్టడాలే అనుకునే విధానాలు ఈ రెండో సగాన్ని చూడటం లేదు.

ఇల్లు కూలే క్రమం

పాడుబడటం ఒక్కరోజులో జరిగేది కాదు. దానికొక క్రమం ఉంది. ఆ క్రమం తెలిస్తే హక్కుల సంగతి ఇంత కీలకం ఎందుకో అర్థమవుతుంది. ఇంటికి మొదటి శత్రువు నీళ్లు. పెంకుటింటికి ఏటా వానలకు ముందు కప్పు చూసి, జరిగిన పెంకులు సర్ది, పగిలినవి మార్చాలి. కోతో పిల్లో తొక్కి జరిపిన ఒక్క పెంకు సందులోంచి కారిన నీరు ముందు వాసాన్ని పుచ్చబెడుతుంది, ఆపైన దూలం నానుతుంది, దూలం కుంగితే గోడ మీద బరువు ఒకే చోట పడి నెర్రె విచ్చుతుంది. తడిసిన కలపకు చెద చేరుతుంది. మండువా లోగిలిలో ప్రమాదం ఇంకా ఎక్కువ. నాలుగు వైపుల కప్పుల మీది వాన నీరంతా నడిమి మండువాలోకి పడి, తూము గుండా బయటికి పోయేలా ఆ ఇళ్లు కట్టారు. ఆకులూ మట్టీ చేరి తూము పూడుకుపోతే, వానాకాలమంతా ఇంటి నడిబొడ్డున చెరువు నిలిచి పునాదులు నానుతాయి. రాయలసీమ మట్టి మిద్దెకు వానలకు ముందు కప్పు మీద చౌడు మట్టి పరవాలి. ఒకటి రెండేళ్లు ఆ పని మానేస్తే మిద్దె ఉరుస్తుంది. గోడ పగుళ్లలో పిట్టలు వేసిన రావి, మర్రి గింజలు మొలిచి, వేళ్లతో గోడను చీల్చేస్తాయి. మొలకగా ఉన్నప్పుడు చేత్తో పీకేయగలిగినదాన్ని పదేళ్ల తర్వాత గోడ విప్పకుండా తీయలేరు.

ఇక్కడ గమనించవలసింది ఖర్చుల తీరు. మొదటి ఏడాది కావలసింది కూలి మనిషి ఒకటి రెండు రోజుల పని. ఐదారేళ్లకు వడ్రంగి, కలప, తాపీ పని. పదిహేనేళ్లకు కొత్త ఇంటికయ్యేంత ఖర్చు. నిర్లక్ష్యం వల్ల మిగిలేదేమీ లేదు, తర్వాతి తరం మీద మోయలేని బరువు పడటం తప్ప. ఇంకొకటి, మొదట్లో కావలసినది డబ్బు కంటే శ్రద్ధ. తూములో ఆకులు తీసేందుకు, పెంకు సర్దేందుకు లక్షలు అక్కర్లేదు. ‘ఈ పని నాది’ అనుకునే మనిషి ఒకరుండాలి. కాబట్టి ఖాళీ అయిన తొలి అయిదేళ్లలో ఆ మనిషి ఎవరో తేలకపోతే, ఆ తర్వాత డబ్బున్నవాళ్లు కూడా వెనకాడే స్థితి వస్తుంది. ఇల్లు పాడైపోయింది కాబట్టి వదిలేశామని చాలామంది చెప్పే మాట ఇలా పుడుతుంది. జరిగిన వరుస దానికి తలకిందులు.

వలస మీద వేసిన నింద

అన్నిటికంటే ఎక్కువగా వినబడే కారణం వలస. వలసే ఇళ్లను పాడుపెట్టేదైతే, ఎక్కువ వలస ఉన్న చోట ఎక్కువ శిథిలాలుండాలి. తెలుగు నేల అనుభవం అలా లేదు. పాలమూరు కూలీలు తరాల తరబడి ముంబై, పుణె వైపు నెలల కొద్దీ వలస పోయారు. వెళ్లేటప్పుడు ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లకో ఇరుగుపొరుగుకో అప్పజెప్పి, మళ్లీ వచ్చి కప్పు సరిచేసుకున్నారు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన వాళ్ల డబ్బు ఊళ్లలో ఇళ్లను పాడుపెట్టలేదు, కొత్త ఇళ్లను లేపింది. వీళ్లకూ, తాళం వేసి ఇరవై ఏళ్లుగా తీయని కుటుంబాలకూ తేడా దూరం కాదు. ఇల్లు ఎవరిదన్నదాంట్లో సందేహం లేకపోవడం, తిరిగి వచ్చి ఉండాల్సిన అవసరం నిలిచి ఉండటం ఇవే తేడా. గల్ఫ్ కార్మికుడికి ఆ దేశం పౌరసత్వం ఇవ్వదు కనుక ఊళ్లో ఇల్లు అతని రేపటికి ఆధారం. అమెరికాలో స్థిరపడ్డ ఇంజనీరుకు ఊళ్లో తాతల ఇల్లు గతానికి గుర్తు మాత్రమే, అదీ పదిమందితో పంచుకున్న గుర్తు.

వలస అసలు లెక్కలోకి రాదని దీని అర్థం కాదు. ఉత్తరాఖండ్‌లో గ్రామీణాభివృద్ధి, వలసల కమిషన్ 2018లో ఇచ్చిన నివేదిక, 2011 తర్వాతి కాలంలోనే 734 గ్రామాలు పూర్తిగా జనశూన్యం అయ్యాయని చెప్పింది. ఊరే లేనప్పుడు ఒక ఇంటిని కాపాడుకోవడంలో అర్థం ఉండదు. బడి, ఆసుపత్రి, బస్సు, నీళ్లు లేని కొండ ఊళ్ల సంగతి అది. తెలుగు పల్లెల్లో అధికభాగానికి ఆ స్థితి రాలేదు. రోడ్లు ఉన్నాయి, కరెంటు ఉంది, ఊళ్లో అద్దె ఇంటి కోసం వెతుక్కునే ఉపాధ్యాయులూ నర్సులూ ఉన్నారు. అదే వీధిలో ఒక ఇల్లు కొత్త సున్నంతో మెరుస్తూ, పక్కిల్లు కూలిపోతూ ఉంటే, ఆ తేడాకు వలస జవాబు కాలేదు. వీధికంతటికీ వర్తించే కారణం రెండిళ్ల మధ్య తేడాను వివరించదు.

డబ్బు లేకనా?

రెండో వివరణ డబ్బు. బాగుచేయించే స్తోమత లేక వదిలేస్తారని అంటారు. పేదల ఇళ్ల విషయంలో ఇందులో కొంత నిజముంది. అయితే పేదవాడి ఇల్లు చిన్నది. అది కూలితే ఆ స్థలంలో రేకుల షెడ్డో ప్రభుత్వ పథకం కింద రెండు గదుల ఇల్లో లేస్తుంది, ఎందుకంటే అతనికి వేరే చోటు లేదు. ఏళ్ల తరబడి శిథిలంగా నిలిచిపోయేవి ఎక్కువగా ఒకప్పటి సంపన్నుల ఇళ్లే. వాటి వారసుల్లో చాలామంది ఆ ఇంటిని బాగుచేయించగలిగినవాళ్లే. మారుమూల ఊళ్లో బాగుచేయించే ఖర్చు ఆ ఇంటి ధర కంటే ఎక్కువ, కాబట్టి ఖర్చుపెట్టడం దండగ అనిపిస్తుంది. పట్నం పక్కన దీనికి విరుద్ధం. స్థలం ధర ఇంటి ధరను మింగేస్తుంది, కాబట్టి ఇంటిని పట్టించుకోకుండా స్థలం ధర పెరిగేదాకా ఆగుతారు. రెండు చోట్లా ఇల్లు ఓడిపోతుంది. కానీ రెండు చోట్లా హక్కు స్పష్టంగా ఉన్న ఒక్క యజమాని ఉంటే కథ త్వరగా ముగుస్తుంది. మొదటి చోట కలప, పెంకు, తలుపులు అమ్మి స్థలాన్ని పక్కవాడికి ఇస్తాడు. రెండో చోట బిల్డరుకు ఇస్తాడు. శిథిలంగా నిలబడి ఉండటం ఏ లెక్కలోనూ లాభసాటి కాదు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం అమెరికాలోని డెట్రాయిట్ నుంచి వస్తుంది. 1950లో 18.5 లక్షల జనాభా ఉన్న ఆ కార్ల పరిశ్రమ నగరం 2020 నాటికి 6.4 లక్షలకు పడిపోయింది. అక్కడ ఒక్కో ఇంటికి హక్కుదారులు పదులకొద్దీ లేరు. అయినా ఇళ్లు వేల సంఖ్యలో పాడుబడ్డాయి. అంటే హక్కు స్పష్టంగా ఉన్నా ఆర్థిక వ్యవస్థ కూలితే ఇల్లు కూలుతుంది. ఈ అభ్యంతరాన్ని ఒప్పుకోవాలి. కాని ఆ తర్వాత జరిగింది కూడా చూడాలి. పన్ను కట్టని ఇళ్లను స్వాధీనం చేసుకునే ప్రక్రియను మిషిగన్ రాష్ట్రం 1999 చట్టంతో వేగవంతం చేసింది. అలా వచ్చిన ఆస్తులను చూసుకునేందుకు నగరంలో ఒక ల్యాండ్ బ్యాంకు ఏర్పడింది. అది కొన్ని ఇళ్లను వేలంలో అమ్మింది, కొన్నిటిని కూల్చింది, పక్కింటివాళ్లకు ఖాళీ జాగాలను నూరు డాలర్లకు ఇచ్చింది. ఆర్థిక పతనం ఇళ్లను ఖాళీ చేసింది. నిర్ణయించే అధికారం ఒక చోటికి చేరాకే ఆ ఖాళీల గురించి ఏదైనా చేయడం సాధ్యమైంది.

వాటాలు పెరిగే లెక్క

మన దగ్గర అధికారం ఒక చోట చేరకపోవడానికి మూలం వారసత్వం. 1940లో ఒక రైతు కట్టిన లోగిలిని ఊహించుకుందాం. నలుగురు పిల్లలు, వాళ్లకు ముగ్గురేసి సంతానం, వాళ్లకు ఇద్దరేసి. పంపకం జరగకుండా మూడు తరాలు గడిస్తే హక్కుదారులు ఇరవై నలుగురు. వీళ్లలో ఒకరు మనసు కలిగి 2,40,000 రూపాయలు పెట్టి కప్పు మార్పిస్తే, ఆ ఖర్చంతా ఇంటి విలువలో కలిసినా అతని వాటాకు వచ్చేది 10,000. తర్వాత పంపకంలో ఖర్చు లెక్క అడగవచ్చు, కాని దానికి రుజువులు కావాలి, దావా కావాలి, దాయాదులతో గొడవ కావాలి. అందుకే అందరికీ ప్రేమ ఉన్నా ఎవరూ కప్పు వేయించరు. అమ్మాలంటే ఇరవై నాలుగు సంతకాలు కావాలి. ఇరవై మూడు వచ్చి ఒక్కటి రాకపోతే పని ఆగిపోతుంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్టు అన్న సామెత సరిగ్గా ఇటువంటి ఉమ్మడి ఆస్తి గురించే పుట్టి ఉంటుంది.

ఈ సంగతిని న్యాయశాస్త్రవేత్త మైకేల్ హెలర్ 1998లో ఒక సిద్ధాంతంగా చెప్పాడు. సోవియట్ వ్యవస్థ కూలాక మాస్కోలో దుకాణాలు ఖాళీగా పడి ఉంటే, వాటి ఎదుటే కాలిబాట మీద కియోస్కులు సరుకుతో కళకళలాడేవి. ఎందుకంటే ఒక్కో దుకాణం మీద అమ్మే హక్కు ఒక సంస్థది, అద్దెకిచ్చే హక్కు మరొకరిది, వాడుకునే హక్కు ఇంకొకరిది. ప్రతి ఒక్కరికీ కాదనే అధికారం ఉంది, అవునని పని జరిపించే అధికారం ఎవరికీ లేదు. అందరిదైన పచ్చికబయలు అతిగా మేపడం వల్ల నాశనమవుతుందని అంతకుముందు చెప్పేవారు. అడ్డుకునే హక్కుదారులు ఎక్కువైన ఆస్తి వాడకమే లేక నాశనమవుతుందని హెలర్ చూపాడు. వాటాలు పడ్డ మన లోగిలి ఈ రెండో జాతికి చెందింది.

ఇక్కడొక ప్రమాదకరమైన వాదన తలెత్తుతుంది. ఆడపిల్లలకు వాటా ఇవ్వడం వల్లే ఇళ్లు ముక్కలై పాడవుతున్నాయని కొందరు బాహాటంగానే అంటారు. చరిత్ర చూస్తే ఇది నిలవదు. 1956 హిందూ వారసత్వ చట్టంలోని 23వ సెక్షన్, కుటుంబం నివసిస్తున్న ఇంటి విషయంలో మగ వారసులు పంచుకోవాలనుకునేదాకా ఆడ వారసులు పంపకం కోరరాదని చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి, ఆ నాటికి పెళ్లికాని కూతుళ్లకు పూర్వికుల ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది. 2005లో పార్లమెంటు దేశమంతటికీ ఆ సూత్రాన్ని వర్తింపజేసి, 23వ సెక్షన్‌ను తొలగించింది. మగవాళ్ల మాటే చెల్లిన ఆ యాభై ఏళ్లలో అన్నదమ్ముల పట్టింపులతో మూతపడ్డ లోగిళ్లకు లెక్కలేదు. నలుగురు అన్నదమ్ములు మాట్లాడుకోకపోతే ఇల్లు పాడవడానికి అక్కచెల్లెళ్ల వాటా అక్కర్లేదు. పైగా చాలా కుటుంబాల్లో ఊరికి దగ్గరగా, ముసలి తల్లిదండ్రులను కనిపెట్టుకుని ఉండేది కూతురే. ఆమెను హక్కుదారుగా గుర్తిస్తే ఇంటికి ఒక కాపరి దొరుకుతుంది. లోపం వాటాల న్యాయంలో లేదు. వాటాదారులందరి తరఫున నిర్ణయం ఎలా జరగాలో కుటుంబాలు ఏర్పాటు చేసుకోకపోవడంలో ఉంది.

దీనికి తోడు రెండు అడ్డంకులు. ఒకటి పత్రాలు. పల్లెల్లో పాత ఇళ్లు ఎక్కువగా గ్రామకంఠం భూమిలో ఉంటాయి. పొలానికి ఉన్నట్టు వీటికి విడి సర్వే నంబరు, పాసుపుస్తకం లేవు. ఇంటిపన్ను రసీదే చాలాచోట్ల ఏకైక ఆధారం, అదీ ఎప్పుడో చనిపోయిన తాత పేరుమీద. అటువంటి ఇంటి మీద బ్యాంకు అప్పివ్వదు, కొనేవాడు భయపడతాడు. 2020 ఏప్రిల్ 24న కేంద్రం ప్రారంభించిన స్వామిత్వ పథకం డ్రోన్లతో నివాస స్థలాలు కొలిచి ఆస్తి కార్డులిచ్చే ప్రయత్నం. అది మంచి అడుగు. కాని హద్దులు తేల్చినంత మాత్రాన ఆ హద్దుల్లోపల ఎవరి మాట చెల్లుతుందో తేలదు. రెండోది భయం. ఎవరినైనా ఉండనిస్తే పన్నెండేళ్లకు వాళ్లదే అయిపోతుందని, కిరాయికిస్తే ఖాళీ చేయరని తాళం వేసుకోవడమే మేలనుకుంటారు. 1963 కాలపరిమితి చట్టంలో పన్నెండేళ్ల గడువు ఉన్నది నిజమే. అయితే యజమాని అనుమతితో ఉంటున్నవాడి స్వాధీనం యజమానికి ఎదురు తిరిగిన స్వాధీనం కాదన్నది కోర్టుల్లో స్థిరపడ్డ సూత్రం. రాతపూర్వకమైన ఒప్పందం ఉంటే ఈ భయంలో ముప్పాతిక భాగం తీరిపోతుంది. నోటిమాట మీద ఇంటిని అప్పజెప్పే అలవాటే ఈ భయాన్ని పెంచి పోషించింది.

గడీలు, దేవిడీలు, చెట్టినాడు

వాటాలతో ముడిపడని శిథిలాలు కూడా ఉన్నాయి కదా అని అడగవచ్చు. తెలంగాణ గడీలు దానికి ఉదాహరణ. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం, 1949లో జాగీర్ల రద్దు, 1978 నాటి జగిత్యాల జైత్రయాత్ర తర్వాత ఉధృతమైన రైతాంగ ఉద్యమాలు దొరలను ఊళ్లు వదిలేలా చేశాయి. గడీ అధికారం చెలాయించే చోటు, ఆ అధికారమే పోయాక ఆ ఇంటికి పని లేకుండా పోయింది. వెట్టి చేసిన కుటుంబాలకు ఆ కట్టడం కూలితే విచారించాల్సిన అవసరమూ లేదు. ఈ న్యాయమైన కోపాన్ని వారసత్వ సంపద పేరుతో తుడిచేయకూడదు. అయితే ఒకే చరిత్ర గల గడీల తర్వాతి గతి ఒకేలా లేదు. కొన్ని బడులుగా, ప్రభుత్వ కార్యాలయాలుగా నిలిచాయి, చాలా మటుకు కూలాయి. కామారెడ్డి జిల్లా దోమకొండ గడికోటను వారసుల కుటుంబం ట్రస్టు ద్వారా పునరుద్ధరించింది. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో దానికి గుర్తింపు దక్కింది. డబ్బున్న కుటుంబం కాబట్టి సాధ్యమైందనవచ్చు. డబ్బున్న కుటుంబాల గడీలు కూలినవీ ఉన్నాయి. ఆస్తిని ట్రస్టు చేతిలో పెట్టి, నిర్ణయాన్ని ఒక చోటికి తేవడమే ఇక్కడి తేడా.

ఒకే యజమాని ఉంటే చాలునా అంటే అదీ కాదు. హైదరాబాద్ హుస్సేనీఆలంలోని ఖుర్షీద్ జా దేవిడీ పైగా వంశపు ప్రభువు కట్టించిన ఐరోపా శైలి భవనం. ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండి కూడా దశాబ్దాల పాటు శిథిలమై, ఇటీవలే పునరుద్ధరణకు నోచుకుంది. అక్కడ హక్కు ఉంది, అవసరం లేదు. ఎవరూ నివసించని, ఎవరి జీతమూ దాని బాగోగుల మీద ఆధారపడని కట్టడం ప్రభుత్వానిదైనా అనాథే. అందుకే మొదట చెప్పిన మూడూ, అంటే హక్కు, ఖర్చు, ప్రయోజనం, కలిసి ఉండాలన్నది నియమం. ఏ ఒక్కటి లేకున్నా ఇల్లు కుంటుతుంది.

తమిళనాడు చెట్టినాడు ఈ చర్చకు ఇంకో కోణం ఇస్తుంది. బర్మా, మలయా, సిలోన్‌లలో వడ్డీ వ్యాపారం చేసిన నాట్టుకోట్టై చెట్టియార్లు కారైకుడి చుట్టుపక్కల బర్మా టేకు స్తంభాలతో, ఇటలీ పాలరాతితో మహాసౌధాలు కట్టారు. 1930ల మాంద్యం, 1942లో బర్మా మీద జపాన్ దాడి, ఆ తర్వాతి జాతీయీకరణ వాళ్ల వ్యాపారాన్ని కూల్చాయి. ఒక్కో ఇంటికి పదుల సంఖ్యలో పంగాళీలు, అంటే మన దాయాదులు. మా వాదన ప్రకారం ఆ ఇళ్లన్నీ పోవాలి. నిజానికి చాలా పోయాయి. వాటి తలుపులూ స్తంభాలూ కారైకుడి పాత సామాన్ల అంగళ్లలో అమ్ముడుపోయాయి. అయినా గణనీయమైన సంఖ్యలో నిలిచాయి, 2014లో ఆ ఊళ్లు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. నిలిచినవాటి వెనక ఉమ్మడి ఆస్తికి తగిన ఉమ్మడి ఏర్పాటు కనిపిస్తుంది. పెళ్లిళ్లూ షష్టిపూర్తులూ ఆ ఇంట్లోనే జరపాలన్న ఆచారం ఇంటికి పని కల్పించింది. కొన్ని ఇళ్లు హోటళ్లుగా మారి ఖర్చును తామే తెచ్చుకుంటున్నాయి. పదిమంది హక్కుదారులున్నా ఇల్లు బతకగలదు, వాళ్లను కూర్చోబెట్టే కట్టుబాటు ఒకటి ఉంటే.

జపాన్ నేర్పే పాఠం

పాడుబడ్డ ఇళ్ల సమస్యను దేశం మొత్తం మీద ఎదుర్కొంటున్నది జపాన్. 2023 గృహ సర్వే ప్రకారం అక్కడ 90 లక్షల ఇళ్లు ఖాళీ, మొత్తం ఇళ్లలో 13.8 శాతం. అందులో సుమారు 38.5 లక్షలు అద్దెకూ లేవు, అమ్మకానికీ లేవు, సెలవుల్లో ఉండేందుకూ కావు. జనాభా తగ్గడమే కారణమని తేలిగ్గా చెప్పవచ్చు, కాని అక్కడి ప్రభుత్వం తన చట్టాల్లోని లోపాలను కూడా గుర్తించింది. ఇల్లున్న స్థలానికి 200 చదరపు మీటర్ల దాకా పన్ను విలువను ఆరో వంతుకు తగ్గించే పాత నియమం ఉంది. ఇల్లు కూల్చితే ఆ రాయితీ పోతుంది. కాబట్టి కూలే ఇంటిని కూడా కూల్చకుండా ఉంచడమే లాభం. 2015 చట్టం ప్రమాదకరమైన ఖాళీ ఇళ్లకు ఆ రాయితీ తీసేసే అధికారాన్ని స్థానిక సంస్థలకిచ్చింది. వారసులు తమ పేరు నమోదు చేయించుకోకపోవడం ఇంకో లోపం. 2024 ఏప్రిల్ నుంచి వారసత్వం తెలిసిన మూడేళ్లలో నమోదు తప్పనిసరి, లేకపోతే లక్ష యెన్ల దాకా జరిమానా. జాడ తెలియని సహ హక్కుదారు ఉన్నప్పుడు మిగతావాళ్లు కోర్టు అనుమతితో ఆస్తి విషయం తేల్చుకునే వీలు కూడా 2023లో అమల్లోకి వచ్చింది. ఇంత చేసినా ఖాళీ ఇళ్ల సంఖ్య పెరుగుతూనే ఉందంటే ఆ చట్టాలు వృథా అని కాదు. మూడు నాలుగు తరాల పాటు పోగుపడ్డ చిక్కును ఆలస్యంగా విప్పడం ఎంత కష్టమో అది చెబుతోంది. మనకింకా సమయం ఉంది. 1956 నాటి వారసుల తరం కొందరైనా బతికి ఉండగానే ఈ పని మొదలుపెట్టవచ్చు.

పోతే పోనీ అనవచ్చా

ఇంత తాపత్రయం దేనికి, పాత ఇళ్లు పోయి కొత్తవి రావడం లోకసహజం కదా అనే మాటకు బలముంది. ప్రతి పాత ఇంటినీ నిలపాలనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. గాలి వెలుతురు చాలని, మరుగుదొడ్డి లేని, కులాన్ని బట్టి గడప దాకా ఒకరిని, వాకిలి దాకా ఒకరిని ఆపిన ఇళ్లను పూజించాల్సిన పనీ లేదు. కానీ పోవడంలో కూడా రెండు రకాలున్నాయి. యజమాని నిర్ణయించి విప్పిన ఇంటి టేకు దూలాలు మరో ఇంటికి చేరతాయి, స్థలం ఎవరికో పనికొస్తుంది. ఎవరూ నిర్ణయించక కూలిన ఇంటి దూలాలు చెదల పాలవుతాయి, గోడ దారిన పోయేవాళ్ల మీద పడుతుంది, నిలిచిన నీళ్లలో దోమలు, పొదల్లో పాములు పక్కింటివాళ్ల పాలవుతాయి. హక్కు ఇరవై నలుగురిది, నష్టం ఊరిది. 2019 సెప్టెంబరులో తెలంగాణ పల్లెల్లో చేపట్టిన 30 రోజుల కార్యాచరణలో శిథిలమైన ఇళ్ల తొలగింపును ఒక పనిగా పెట్టారంటే ఆ నష్టం ఊళ్లకు ఎంత తగిలిందో తెలుస్తుంది. అయితే కూల్చడం చివరి మెట్టు. అక్కడిదాకా రాకుండా ఆపే మెట్లు ముందే ఉండాలి.

ఆ మెట్లలో చాలావరకు మన చట్టంలో ఇప్పటికే ఉన్నాయి. వీలునామా లేకుండా పోయినవారి ఆస్తిలో తన వాటా అమ్మదలచిన మొదటి తరగతి వారసుడి నుంచి దాన్ని కొనుక్కునే మొదటి హక్కు తోటి వారసులకుందని హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ చెబుతుంది. పంచడానికి వీలుకాని ఇంటిని, సగం లేదా అంతకు మించిన వాటా ఉన్నవాళ్లు కోరితే కోర్టు అమ్మించి డబ్బు పంచవచ్చని, మిగతావాళ్లు విలువ కట్టి కొనుక్కోవచ్చని 1893 నాటి పంపకాల చట్టం చెబుతుంది. ఏ ఒక్కరి మొండితనమూ ఇంటిని శాశ్వతంగా బంధించలేదన్నమాట. కాని సివిల్ దావా ఏళ్లు పడుతుంది, పెంకుటిల్లు అన్నేళ్లు ఆగదు. అందువల్ల ప్రభుత్వం చేయాల్సినవి రెండున్నాయి. వారసత్వ నమోదును సులువుగా, తక్కువ ఖర్చుతో, గ్రామ స్థాయిలోనే పూర్తయ్యేలా చేయాలి. శిథిలావస్థకు చేరే ఇంటికి పంచాయతీ ముందుగా నోటీసిచ్చి, వాటాదారుల్లో ఎవరో ఒకరిని బాధ్యుడిగా నమోదు చేయించాలి. ఇది ఆస్తి హక్కు మీద దాడి అంటే ఒప్పుకోలేం. పక్కింటి గోడకూ హక్కుంది. ఎవరి వాటానూ తీసుకోవడం లేదు, ఆ వాటాలన్నిటికీ కలిపి ఒక జవాబుదారును అడగడం తప్ప.

మిగతాది కుటుంబాల చేతిలో ఉంది. అమ్మానాన్నలు బతికి ఉండగా ఆస్తి మాట ఎత్తడం తప్పన్న మొహమాటమే చాలా ఇళ్లను కూల్చింది. ఇల్లు ఎవరికో ఒకరికి రాసి, మిగతావాళ్లకు పొలంలోనో నగదులోనో సర్దడం తల్లిదండ్రులు చేయగలిగిన పని. వాళ్ల తర్వాత ఆ పనికి పదిమంది సంతకాలు కావాలి. అప్పటికే వాటాలు పడి ఉంటే, అందరూ కలిసే ఒక పండగకు మూడు మాటలు కాగితం మీద పెట్టుకోవాలి: తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఏటా ఖర్చు ఎవరెంత వేస్తారు, ఎన్నేళ్లలోగా అమ్మాలో నిలపాలో తేలుస్తారు. పుట్టిన ఇంటి మీద మమకారం గొప్పదే, కాని సంతకం పెట్టనివ్వని మమకారం ఆ ఇంటికి కీడే చేస్తుంది. నిలుపుకోవాలా, అమ్మాలా, విప్పాలా అన్నది ఆయా కుటుంబాల ఇష్టం. ఈ మూడింటిలో ఏదో ఒకటి నిర్ణయించి, ఆ బాధ్యత ఒక మనిషి పేరు మీద పెట్టడం మాత్రం ఇష్టాయిష్టాలకు వదలకూడని పని.